వేడినీళ్ల గొప్ప

ఆసుపత్రి క్వార్టర్లు, మూడో అంతస్తు
జూన్ 9

పిచ్చుకకి,

నీ ఫొటో చూశాను. చూశాను అనడం కన్నా చూపించారు అనడమే నిజం. పొద్దున్న ఆఫీసులో అడుగు పెట్టేసరికి సూపరింటెండెంటు గారి బల్ల మీద పేపరు పరిచి ఉంది. ఈవిడ మీ ఆడపడుచు కదూ అన్నారు. అవునన్నాను. మూడు వందల మంది పిల్లలకి ఏడాది పొడుగునా ఎండతోనే నీళ్లు కాస్తోందట, ఎలాగో ఒకసారి కనుక్కోండి అన్నారు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఎవరినైనా అడిగి కనుక్కోమని నాకు ఎవరూ చెప్పలేదు. అందరూ నన్నే అడిగి కనుక్కునేవాళ్లు.

ఫొటోలో బాగానే ఉన్నావు. డాబా మీద ప్యానెళ్ల మధ్య నడుం మీద చెయ్యేసుకుని, ఎండని నువ్వే కనిపెట్టినట్టు. కాలేజీలో వేడి పాఠం రాత్రంతా నేను చెబితే, పొద్దున్నకి సగం మర్చిపోయి నా కాయితం వంక తొంగి చూసిన పిచ్చుకేనా ఈవిడ అనుకున్నాను. మీ అన్నయ్య పేపరు కాపీలు నాలుగు కొన్నారు. మేం పెళ్లయిన కొత్తలో నా ఫస్టు ర్యాంకు సర్టిఫికెట్టుకి ఫ్రేము కట్టించమంటే ఆర్నెల్లు తిప్పిన మనిషి.

మా ఆసుపత్రిలో ఇంజనీరుగా నేను పెట్టించింది మీ దానికి అయిదింతలు. మూడేళ్లయింది. బ్రహ్మాండంగా నడుస్తోంది, చిన్నచిన్న సర్దుబాట్లు తప్ప. ఆ సర్దుబాట్ల కోసమే అడుగుతున్నాను. ట్యాంకు కొలతలు, గొట్టాల మందం, ప్యానెళ్ల వాలు రాసి పంపు. ఫోను చెయ్యకు. చేస్తే మీ అన్నయ్య లాక్కుంటారు, ఇక గంటసేపు నీ గొప్పలు వినాలి.

వదిన


బడి హాస్టలు, ఆఫీసు గది
జూన్ 21

వదినకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మెచ్చుకున్నావో మొట్టికాయ వేశావో తేల్చుకోవడానికి.

అడిగినవన్నీ వేరే కాయితం మీద రాశాను. ట్యాంకు చుట్టూ వేడి పోకుండా గాజు దూది పొర నాలుగు వేళ్ల మందం. గొట్టాలకి ముందు ఏమీ ఉండేది కాదు, నేనే చుట్టించాను. ప్యానెళ్ల వాలు మనం చదువుకున్నదే, నీ నోట్సు లోదే. ఇందులో పెద్ద విద్య ఏమీ లేదు. ఒక్కదాన్నే ఉన్నాను కాబట్టి నా మాటకి అడ్డం చెప్పేవాళ్లు లేరు, కాస్త కనిపెట్టుకుని ఉన్నాను, ఎండ కాసింది. అంతే.

ఈ హాస్టలు నిర్వహణ ఉద్యోగంలో చేరిన రోజు నువ్వు అన్న మాట గుర్తుందా? "పోనీలే, గ్యాస్ సిలిండర్లు లెక్కపెట్టడానికైనా డిప్లొమా పనికొచ్చింది" అన్నావు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కాబట్టి వదినా, సిలిండర్లు లెక్కపెట్టే మనిషి దగ్గర ఫస్టు ర్యాంకుకి కొత్తగా తెలిసేది ఏముంటుంది?

అన్నయ్యని అడిగానని చెప్పు. పేపరు కాపీ ఒకటి నాకూ పంపమను, ఇక్కడ అందరూ తలా ఒకటి పట్టుకుపోయారు.

నీ ఆడపడుచు


ఆసుపత్రి, ఇంజనీరు గది
ఆగస్టు 14

పిచ్చుకా,

నువ్వు చెప్పినట్టు దూది చుట్టించాను. వాలు సరిచేయించాను. ఏమీ మారలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంటుందని తెలిసే అడుగుతున్నాను. నాకు రాసిన అంకెలు సరైనవేనా? ఏదో ఒకటి దాచావని నా మనసుకి తడుతూనే ఉంది. చిన్నప్పుడు తిండి దగ్గర కూడా సగం దాచుకుని సగం పెట్టేదానివని మీ అన్నయ్యే చెప్పారు.

నాకు ఇక్కడ అసలు అడ్డం లాండ్రీ మేస్త్రి. ముప్ఫయ్యేళ్లుగా ఆయిల్ బాయిలరు పక్కనే బతికిన మనిషి. రోజూ తెల్లారకముందే బాయిలరు వెలిగిస్తాడు. ట్యాంకంతా ఆ వేడితోనే నిండిపోతుంది. ఇంక మధ్యాహ్నం ఎండ ఎంత కాస్తే ఏం, ఆ వేడికి ట్యాంకులో చోటెక్కడిది? దుప్పట్లు మధ్యాహ్నం ఉతకమని సర్క్యులర్ ఇచ్చాను. చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. బాయిలరు గదికి తాళం వేసి తాళంచెవి నా దగ్గర పెట్టుకున్నాను. ఆ తర్వాతి సంగతి ఇక్కడ రాయదగ్గది కాదు.

ఇంకో మాట. ఎండతో బాగా నడుస్తున్న సంస్థని ఒకదాన్ని నమూనాగా ఎంచడానికి పైనుంచి కమిటీ వేశారు. ఎంపికైన చోట రెండో భవనానికి కూడా వాళ్లే పెట్టిస్తారు. కమిటీలో నన్ను వేశారు. జాబితాలో మీ బడి ఉంది. మనకి చుట్టరికం ఉందా అని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నువ్వూ చెప్పకు. వదిన దయవల్ల వచ్చిందని అనిపించుకోవడం నీకు మాత్రం బాగుంటుందా?

వచ్చే నెల వస్తాం.

వదిన


బడి హాస్టలు
సెప్టెంబరు 28

వదినకి,

వచ్చి వెళ్లావు. కమిటీతో పాటు జీపు దిగి, వాళ్లతో పాటే నాకు నమస్కారం పెట్టావు. మా ఇంట పదిహేడేళ్లుగా తిరిగిన మనిషి నాకు నమస్కారం పెట్టడం అదే మొదటిసారి. హెడ్మిస్ట్రెస్ గారు మంచినీళ్లు తెప్పిస్తే వద్దన్నావు.

మిగతావాళ్లు ట్యాంకు చూశారు, స్నానాల గదులు చూశారు, పిల్లల్ని పలకరించారు. నువ్వు మాత్రం కాయితాల మీంచి తల ఎత్తలేదు. అంతా అయ్యాక ఒకే ఒక్క ప్రశ్న అడిగావు. "ఈవిడ సెలవు పెడితే ఇక్కడ ఏమవుతుంది?"

నన్ను నేరుగా అడగలేదు. 'ఈవిడ' అన్నావు.

నేను సెలవు పెట్టను అన్నాను. పక్కన ఎవరో నవ్వారు. నువ్వు ఏదో రాసుకున్నావు.

నిన్న మీ నివేదిక వచ్చింది. 'ఒక వ్యక్తి శ్రద్ధ మీద నడుస్తున్న ఏర్పాటు. ఆ వ్యక్తి లేనిచోట పనికిరాదు.' ఆ వాక్యం నీదేనని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పరీక్షల్లో కూడా అలాగే రాసేదానివి, ఒక్క మాట ఎక్కువ ఉండేది కాదు. నమూనా ఇంకెక్కడికో పోయింది. ఆడపిల్లల కొత్త హాస్టలుకి వేడినీళ్లు రావు. డెబ్బయ్‌మంది, అందులో సగం మంది పదేళ్ల లోపు. వాళ్లకి ఈ చలికాలం వేడినీళ్లని మాటిచ్చింది నేను.

వదినా, నా మీద ఓర్వలేక చేశావా, నిజంగా అలా అనిపించి రాశావా? అన్నయ్యకి ఏమీ చెప్పలేదు. చెప్పను కూడా. ఈ ఒక్క దానికి జవాబు రాయి.

– 


ఆసుపత్రి, ఇంజనీరు గది
అక్టోబరు 6

ఆడపడుచుకి,

కమిటీలో నలుగురం ఉన్నాం. నలుగురూ సంతకం పెట్టారు. చూసింది చూసినట్టు రాశాను. ప్రశ్నకి జవాబు నువ్వు చెప్పిందే, నేను కల్పించింది కాదు. ఒక సంస్థ పది కాలాలపాటు వాడాల్సినదాన్ని ఒక మనిషి కొంగున కట్టుకుని తిరగకూడదు. ఇది నీ మీద కోపంతో అన్నది కాదు, పుస్తకంలో ఉన్నదే.

మీ అన్నయ్యకి ఒంట్లో బాగానే ఉంది.

వదిన


బడి హాస్టలు, వంటింటి పక్క గది
డిసెంబరు 11

వదినకి,

నీ ఉత్తరానికి జవాబు రాయకూడదని ఒట్టు పెట్టుకున్నాను. రెండు నెలలు ఆగాను. ఇప్పుడు రాస్తున్నది నిన్ను తిట్టడానికి కాదు. ఇక్కడ నీళ్లు ఆగిపోయాయి.

నేను దాచాననే కదూ నీ అనుమానం. దాచాను. అంకెలు కాదు.

నేను చేరినప్పుడు డాబా మీద ప్యానెళ్లు అప్పటికే ఉన్నాయి, రెండేళ్లుగా దుమ్ము కొట్టుకుని. చేరిన నెలలోనే గ్యాసు హీటర్లు పీకించాను. నీకు చూపించాలని తొందర. సరిగ్గా చలి మొదలయ్యే రోజులు. పిల్లలు పొద్దున్న అయిదింటికి స్నానం చేస్తారు. గొట్టాలకి దూది లేదు, తెల్లారేసరికి నీళ్లు మంచుముద్ద. పదకొండు రోజులు పిల్లలు చన్నీళ్లు పోసుకున్నారు. అలవాటు పడతారన్నాను. ఒక చిన్నదానికి ఊపిరితిత్తులకి చలి పట్టి మీ ఆసుపత్రి లాంటి దాంట్లో ఆరు రోజులు ఉంది. బతికింది. ఆ ఆరు రోజులూ నేను ఎలా ఉన్నానో నీకు రాయలేను.

ఆ పదకొండు రోజులూ మా పెద్ద వంటావిడ నాకు తెలియకుండా అన్నం గిన్నెల్లో నీళ్లు కాచి చిన్నపిల్లలకి పోసింది. పట్టుకుని, అందరి ముందూ కేకలేశాను. ఆవిడ గిన్నె కింద పెట్టి అంది: "మీ రేకులు ఎప్పుడు వేడెక్కుతాయో మీకు తెలుసమ్మా. మా పిల్లలు ఎప్పుడు లేస్తారో మీరు అడగలేదు."

అప్పుడు కూర్చున్నాను ఆవిడ పక్కన. నెల రోజులు వంటింట్లోనే. నీళ్లు ఎప్పుడెప్పుడు, ఎన్ని, ఎవరికి కావాలో ఆవిడ వేళ్ల మీద చెప్పింది. చిన్నవాళ్ల స్నానం సాయంత్రం ఆటల తర్వాతకి మార్చమన్నది ఆవిడే. తల్లిదండ్రులు గొడవకొస్తే వాళ్ల ముందు నిలబడింది హెడ్మిస్ట్రెస్ గారు. వేళలు మార్చి గోడ మీద రాయించింది కూడా హెడ్మిస్ట్రెస్ గారే. ప్యానెళ్లు తుడవడం తోటమాలి పనుల్లో కలిపి, దానికి బదులు ఇంకో పని తీసేశారు. కంపెనీవాళ్లు వారం దాకా రారని, వీధి చివర కుళాయిల మెకానిక్కుకి పని నేర్పించాం. వాషర్లు, వాల్వులు రెండేసి బీరువాలో ఉంచాం. ట్యాంకు నీళ్లు వదిలే పెద్ద వాల్వు తాళంచెవి వంటావిడ బొడ్లో ఉండేది. వాన పట్టిన రోజు గ్యాసు పొయ్యి ఎప్పుడు వెలిగించాలో ఆవిడే చెప్పేది. నేను లేకపోయినా నీళ్లు కాగేవి వదినా. పోయిన ఏడాది నాకు జ్వరం వచ్చి పద్నాలుగు రోజులు మంచం మీద ఉంటే ఒక్కరోజు కూడా ఆగలేదు.

ఇదంతా నీ ప్రశ్నకి జవాబు. ఆ రోజు నోటి చివర ఉంది. ఆవిడ నా వెనకే నిలబడి ఉంది. అయినా చెప్పలేదు. పేపరువాడికీ చెప్పలేదు. వాడు ఫొటో తీసేటప్పుడు ఆవిడ పక్కకి జరిగి నిలబడితే, రమ్మని పిలవలేదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కటి, నాది మాత్రమే అని నీ ముందు పెట్టాలనిపించింది.

నివేదిక హెడ్మిస్ట్రెస్ గారు అందరికీ చదివి వినిపించారు. ఒక వ్యక్తి అన్న మాట దగ్గర వంటావిడ నా వంక చూసింది. పోయిన నెల నేను కొత్త హాస్టలు గురించి పైవాళ్లకి మళ్లీ అర్జీ రాస్తూ, అందులోనూ 'నేను, నేను' అనే రాశాను. దాన్ని టైపు చేసింది వంటావిడ కూతురే, ఇంటికి వెళ్లి చెప్పింది. మర్నాడు తాళంచెవి నా బల్ల మీద ఉంది. అడిగితే, "ఒక్కరే చూసుకుంటున్నారట కదమ్మా, చూసుకోండి" అంది.

చూసుకోలేకపోయాను. వాల్వు వేళ ఒకటి తప్పితే ఇంకొకటి తప్పింది, తొమ్మిది రోజులకి ఆగిపోయింది. గ్యాసు పొయ్యిల మీదే కాస్తున్నారు మళ్లీ.

నువ్వు ఓర్వలేకే రాశావు, అది నాకు తెలుసు. కానీ అబద్ధం చెప్పింది నేను.

పిచ్చుక


ఆసుపత్రి క్వార్టర్లు
జనవరి 30

పిచ్చుకా,

నీ ఉత్తరం నెలన్నర నా సంచిలో తిరిగింది. చదివిన మొదటిసారి ఏమనిపించిందో దాచకుండా చెబుతాను. సంతోషం వేసింది. ఆగిపోయిందన్న వాక్యం దగ్గర ఆగి మళ్లీ చదువుకున్నాను. మీ అన్నయ్య ఎదురుగా కూర్చుని ఉన్నారు, చెల్లాయి ఏం రాసిందని అడిగారు. బాగానే ఉందట అన్నాను. ఆ తర్వాత ఉత్తరం మడిచి సంచి అడుగున పెట్టాను.

నీ ప్రశ్నకి జవాబు. ఓర్వలేకే. మీ స్నానాల గదిలో కుళాయి తిప్పి చెయ్యి పెట్టాను, ఎవరూ చూడకుండా. వేడిగా వచ్చాయి. అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు.

ఎందుకంటే ఇక్కడ కుళాయి తిప్పితే రావు. బాయిలరు గదికి తాళం వేశానని రాశాను కదూ. పోయిన ఏడాది కాదు, అంతకుముందు ఏడాది చలికాలం ముందు సంగతి అది. మర్నాడు పొద్దున్న ఆపరేషన్ థియేటరుకి ఉతికిన బట్ట లేదు. ఒక ఆపరేషను రెండు గంటలు ఆలస్యమైంది. సూపరింటెండెంటు గారు తాళం పగలగొట్టించారు. ఆ రోజే నేను కోపంతో ప్యానెళ్ల వాల్వు మూయించాను. మళ్లీ తెరవలేదు, దూది చుట్టించినా ఏమీ మారలేదని నీకు రాసినప్పుడు కూడా అది మూసే ఉంది. కానీ నెలనెలా రిపోర్టు వెళుతూనే ఉంది. అంకెలు మీటరు చూసి రాసినవి కాదు. నా డిజైన్ లెక్క ప్రకారం ఎంత రావాలో అంత రాశాను. నీ అంకెలు సరైనవేనా అని అడిగింది, నీ మీద నివేదిక రాసింది ఈ చేత్తోనే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రెండోదానికే పోయాను.

ఈ నెల మొదట్లో లాండ్రీకి వెళ్లాను. మేస్త్రి ఇస్త్రీ బల్ల దగ్గర ఉన్నాడు. స్టూలు లాక్కుని కూర్చుంటే, తనిఖీ అనుకుని లేచి నిలబడ్డాడు. కూర్చోమన్నాను. దుప్పట్లు మధ్యాహ్నం ఎందుకు ఉతకరని అడిగాను. సర్క్యులర్ ఇచ్చాక ఈ ప్రశ్న అడగడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

"మధ్యాహ్నం ఉతికితే నాకేం పోయిందమ్మా," అన్నాడు. "పొద్దున్న ఎనిమిదింటికి వార్డుల్లో మార్చాలంటారు. రెండో జత లేదు. వాళ్లతో మాట్లాడవలసింది నేనా, మీరా?"

ఇద్దరం కలిసి మేట్రన్ దగ్గరికి వెళ్లాం. దుప్పట్లు సాయంత్రం మార్చడానికి ఆవిడకి అభ్యంతరమే లేదు, వార్డుకి ఒక జత ఎక్కువ ఉంటే చాలంది. పాత స్టోరులో రెండు వందల జతలు విప్పని మూటల్లో ఉన్నాయి. మూడేళ్లుగా పనికిరాని ప్యానెళ్లకి మూడు అంతస్తుల కిందే అవి ఉన్నాయి, పిచ్చుకా.

ఇప్పుడు థియేటరు బట్టలకి మాత్రం పొద్దున్న బాయిలరు వెలుగుతుంది. అదీ వేరే చిన్న ట్యాంకుతో. ఆ గొట్టం ఎలా విడదీయాలో మేస్త్రే చూపించాడు. పెద్ద ట్యాంకు ఎండకి వదిలేశాం. మొదటిరోజు మధ్యాహ్నం మూడింటికి మీటరు దగ్గర నిలబడి చూసి రాశాను. నా డిజైన్‌లో సగానికి కాస్త పైన.

ఆ కాయితం పట్టుకుని సూపరింటెండెంటు గారి గదికి వెళ్లి, పాత అంకెల సంగతి చెప్పాను. ఇంజనీరు గది ఇప్పుడు నాకన్నా పదిహేనేళ్లు చిన్నవాడిది. నన్ను లాండ్రీకీ బాయిలర్లకీ వేశారు. కమిటీకి కూడా రాశాను, మన చుట్టరికం దాచానని, నివేదికలో ఆ వాక్యం వెనక్కి తీసుకుంటున్నానని. నన్ను తీసేశారు. మీ బడిని మిగతా ముగ్గురూ మళ్లీ చూస్తారట, మార్చిలో.

నర్సులు ఇప్పుడు 'మేస్త్రి గారి వేడినీళ్లు' అంటున్నారు. వినబడినప్పుడల్లా, డిజైన్ నాది అని అరవాలనిపిస్తుంది. అరవడం లేదు. ఈ జబ్బు నాకు పోదు, నీకు చెప్పుకుంటే కొంచెం తగ్గుతుంది.

మీ వంటావిడ కాళ్లు పట్టుకుంటావో, పొయ్యి దగ్గర కూర్చుంటావో నాకు తెలియదు. మార్చికి మాత్రం నీళ్లు కాగాలి.

వదిన


బస్టాండు, చెక్క బెంచీ
మార్చి 17

వదినా,

కాళ్లు పట్టుకోనివ్వలేదు ఆవిడ. మూడు వారాలు ఉల్లిపాయలు తరిగాను. నాలుగో వారం అర్జీ చింపి, ఆవిడ చెబుతుంటే కొత్తది రాశాను. తోటమాలి పేరు, మెకానిక్కు పేరు, హెడ్మిస్ట్రెస్ గారి పేరు రాయించింది. మరి మీ పేరు అని నేనడిగితే, నాది చివర రాయండి, మీది రాయకండి అంది. రాయలేదు. తాళంచెవి తీసుకుంది.

ఇవాళ కమిటీ వస్తుంది. పొద్దున్నే సెలవు చీటీ రాసి హెడ్మిస్ట్రెస్ గారికి ఇచ్చి బయటికి వచ్చేశాను. ఎక్కడికి వెళ్లాలో తెలియక ఇక్కడ కూర్చున్నాను. తొమ్మిదిన్నరకి జీపు ఈ దారినే వెళ్లింది. పదింటికి డాబా ఎక్కి ఉంటారు. వంటావిడ చెయ్యి చాచి ఇదిగో ఇది ఇలా, అది అలా అని చూపిస్తూ ఉంటుంది. వాలు గురించి తప్పు చెబుతుందేమో. గొట్టాలకి దూది చుట్టించింది నేనని చెబుతుందో లేదో. రెండుసార్లు లేచి బడి గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. నీ జబ్బు నాకూ ఉంది వదినా, ఇన్నేళ్లూ అది నీకొక్కదానికే అనుకున్నాను.

సాయంత్రం, గదిలో.

ఒప్పుకున్నారు. వానల్లోగా ఆడపిల్లల హాస్టలుకి పని మొదలవుతుందట. వాళ్లలో పెద్దాయన వంటావిడని, రేపు మీరు లేకపోతే ఎవరు చూస్తారని అడిగాడట. ఆవిడ తోటమాలిని పిలిచి తాళంచెవి ఇచ్చి, తిప్పి చూపించమందట. వాడు తిప్పాడు.

నా పేరు ఎన్నిసార్లు వచ్చిందని హెడ్మిస్ట్రెస్ గారిని అడిగాను. సిగ్గు లేకుండా అడిగాను. రాలేదనుకుంటాను అన్నారు ఆవిడ.

అయినా వంటింట్లోకి వెళ్లి, వంటావిడే వడ్డిస్తుంటే, మారు అడిగి మరీ తిన్నాను.

పిచ్చుక